గోపాల్‌పూర్ సముద్రం అడుగున ఏముంది?

(ఒడిశాలోని బరంపురంలో తెలుగువారి ఆదివారపు సమావేశంలో భూగర్భశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న అధ్యాపకుడొకరు చేసిన ప్రసంగం ఇది. ఆనాడు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.)

సభకు నమస్కారం. పెద్దలకు, తల్లులకు, విద్యార్థులకు, ఆదివారం కూడా సముద్రం మీదికి వెళ్ళవలసిన పని మానుకొని గోపాల్‌పూర్ నుంచి వచ్చిన మత్స్యకార సోదరులకు ప్రత్యేకంగా నమస్కారం. మీరు రావడం వల్లనే ఈ ప్రసంగానికి అర్థం వచ్చింది. ఎందుకంటే ఈ ప్రసంగం పుట్టిందే మీలో ఒకరు అడిగిన ప్రశ్న నుంచి.

పోయిన నెల గోపాల్‌పూర్ ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన నన్ను చూసి, పక్కన కూర్చోబెట్టుకొని అడిగారు. "మాస్టారూ, సంద్రం అడుగున విలువైన రాళ్ళున్నాయంట. మనుషులు లోపలికి దిగడానికి ఇనుప గుండు లాంటిది చేస్తున్నారంట. టీవీలో చూపించారు. ఆ రాళ్ళు ఇక్కడే తవ్వుతారా? తవ్వితే మా వలలు ఎక్కడ వేసుకోవాలి?" అన్నారు. నేను అక్కడే రెండు ముక్కలు చెప్పి వచ్చాను. ఇంటికి వచ్చాక ఆ రెండు ముక్కలు చాలవనిపించింది. ఆ ప్రశ్న ఒక్క ప్రశ్న కాదు. అందులో నాలుగు ప్రశ్నలున్నాయి. ఒక్కొక్క దానికి జవాబు వేరు, ఒక్కొక్క దానికి చోటు వేరు. మనం పత్రికల్లో "సముద్ర గర్భంలోని ఖనిజ సంపద" అని ఒకే మాటలో చదువుతున్నాం. ఆ ఒక్క మాట కింద నాలుగు వేరు వేరు వస్తువులను కలిపేస్తున్నాం. వాటిని విడదీసి మీ ముందు పెట్టాలన్నదే ఈ రోజు నా ప్రయత్నం.

విడదీయాలంటే ముందు మన సముద్రపు అడుగు ఎలా ఉంటుందో, అది అలా ఎందుకుందో తెలియాలి. అడుగు ఎలా ఉంటుందో నాకంటే మీకు బాగా తెలుసు. ఒడ్డు నుంచి బోటు వేసుకొని వెళ్తుంటే లోతు ఒక్కసారిగా పెరగదు కదా? అయిదు బారలు, పది బారలు, ఇరవై బారలు, అలా మెల్లగా పెరుగుతుంది. పదుల కిలోమీటర్ల దూరం ఇలాగే సాగి, దాదాపు నూరు బారల దగ్గర అడుగు ఉన్నట్టుండి జారిపోతుంది. అక్కడి నుంచి కొలతాడు అందదు. ఇంటి ముందు అరుగు ఉంటుంది, అరుగు అంచున మెట్లుంటాయి, మెట్ల కింద వీధి ఉంటుంది. ఇదీ అలాంటిదే. మొదటి భాగం ఖండపు అరుగు. తరువాతది వాలు. వాలు దిగాక రెండు వేల మీటర్లు దాటిన లోతులో చదునైన మైదానం. నేను ఈ రోజు అరుగు, వాలు, మైదానం అనే మూడు మాటలే వాడుతాను. ఈ మూడూ గుర్తుంటే చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న. అరుగుకి అంచు ఎందుకుంది? నేల మెల్లగా వాలుతూ వాలుతూ అలాగే లోతుకి పోవచ్చు కదా, అక్కడ అంత నిటారుగా ఎందుకు తెగింది? అది నిజంగానే తెగిన చోటు కనుక. మన తీరం ఒక చిరిగిన అంచు. దాదాపు 13 కోట్ల సంవత్సరాల కిందట మన తూర్పు తీరానికి ఎదురుగా సముద్రం లేదు. అక్కడ నేల ఉండేది. ఆ నేల పేరు అంటార్కిటికా.

కొంతమంది ముఖాలలో ఆశ్చర్యం కనబడుతోంది. మళ్ళీ చెబుతున్నాను. ఈ రోజు మంచు కప్పుకొని దక్షిణ ధ్రువం దగ్గర ఉన్న అంటార్కిటికా ఒకప్పుడు మన గంజాం తీరానికి, శ్రీకాకుళం తీరానికి, విశాఖ తీరానికి అతుక్కొని ఉండేది. మధ్యలో సముద్రం లేదు, కాలవ లేదు. అటు నుంచి ఇటు నడిచి రావచ్చు.

అతుక్కొని ఉన్న రెండు ఖండాలు ఎలా విడిపోతాయి? తిరునాళ్ళలో జీళ్ళు చేసేవాళ్ళను మీరంతా చూసే ఉంటారు. బెల్లం పాకాన్ని మేకుకు తగిలించి లాగుతారు. పాకం వేడిగా ఉన్నంతసేపు తెగదు. సాగుతుంది, మధ్యలో సన్నబడుతుంది. అదే చల్లారిన పాకాన్ని లాగితే సాగదు, పెళుక్కున విరుగుతుంది. భూమి పైపొరలో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి. లోపలి భాగం వేడిది కనుక సాగుతుంది. పైభాగం చల్లనిది కనుక పగులుతుంది. మామూలుగా 35 నుంచి 40 కిలోమీటర్ల మందం ఉండే ఖండపు పొర, సాగిన చోట సగానికీ, ఇంకా తక్కువకీ పలచబడుతుంది. పైన పగిలిన రాతి దిమ్మెలు ఒకదాని పక్కన ఒకటి మెట్లుమెట్లుగా కిందికి జారుతాయి. జారిన చోట పల్లాలు ఏర్పడతాయి. మొదట ఆ పల్లాలలోకి వాన నీరు, నదుల ఒండ్రు చేరతాయి. ఇంకా సాగితే సముద్రపు నీరు వస్తుంది. చివరికి ఖండపు పొర పూర్తిగా తెగి, లోపలి నుంచి కరిగిన రాయి పైకి వచ్చి గడ్డకట్టి కొత్త సముద్రపు అడుగు అవుతుంది. ఆ కొత్త అడుగు మందం ఆరేడు కిలోమీటర్లే. నేను ఇందాక చెప్పిన అరుగూ, వాలూ ఆ జారిన మెట్ల మీద ఒండ్రు కప్పగా ఏర్పడినవి. లోతైన మైదానం కింద ఉన్నది కరిగి గడ్డకట్టిన కొత్త రాయి. దాని మీద ఒండ్రు మేట.

దీనికి సాక్ష్యం ఏమిటని విద్యార్థులు అడగాలి. అడగకపోతే నేనే అడుగుతాను. సాక్ష్యం మన కొండల్లో ఉంది. మహేంద్రగిరి నుంచి సింహాచలం దాకా, ఇంకా దక్షిణానికి, ఇటు రాయగడ, కోరాపుట్ల దాకా మన తూర్పు కనుమలలో ఎర్రగా, మెరుపు గీతలతో, గులాబీ రంగు గింజల వంటి గార్నెట్లు పొదిగిన ఒక రాయి కనబడుతుంది. దాని పేరు ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే కోంధు ప్రజల పేరు మీదనే ఆ రాతికి ఆ పేరు పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ అలాంటి రాయి దొరికినా శాస్త్రవేత్తలు మన కొండప్రజల పేరే పలకవలసి వస్తోంది. ఇది మనం గర్వంగా గుర్తుపెట్టుకోవలసిన సంగతి. కోణార్క ఆలయం కట్టింది ప్రధానంగా ఈ రాతితోనే. ఈ రాయి ఒకప్పుడు బురద. ఆ బురద భూమి లోతుల్లోకి పోయి, దాదాపు వంద కోట్ల సంవత్సరాల కిందట విపరీతమైన వేడికీ ఒత్తిడికీ ఉడికి, గార్నెట్, సిలిమనైట్, గ్రాఫైట్ అనే ఖనిజాలుగా మారింది.

మన దేశం 2012లో అంటార్కిటికాలో భారతి అనే పరిశోధనా కేంద్రాన్ని తెరిచింది. అది ప్రిడ్జ్ అఖాతం ఒడ్డున, లార్సెమన్ కొండల మీద ఉంది. ఆ కొండల రాళ్ళూ మన తూర్పు కనుమల రాళ్ళూ దాయాదులు. వాటిలోనూ గార్నెట్, సిలిమనైట్ ఉన్నాయి. అవి ఉడికిన కాలాలను కొలిచినా మన రాళ్ళతో పోలికలు బయటపడుతున్నాయి. అంతే కాదు. మన మహానది లోయ నిజానికి ఒక పాత పగులు. తాల్చేరు బొగ్గు ఆ పగులులోనే పేరుకుంది. మన వైపున ఆ పగులు తీరం దగ్గర ఆగిపోతుంది. ఆగిన పగులు ఎక్కడికి పోయింది? అంటార్కిటికాలో లాంబర్ట్ లోయగా కొనసాగుతోంది. అక్కడ కూడా అదే యుగపు బొగ్గు పొరలున్నాయి, అందులోనూ మన తాల్చేరు బొగ్గులో దొరికే గ్లాసాప్టెరిస్ ఆకుల ముద్రలున్నాయి. ఒక చీరను అడ్డంగా చింపితే అంచు నేత రెండు ముక్కల మీదా మిగులుతుంది కదా, అలాగే మిగిలింది.

మరొక సంగతి నాకు ఎంతో ఇష్టమైనది, అందుకని కొంచెం ఆగి చెబుతాను. దక్షిణ హిందూ మహాసముద్రంలో కెర్గెలెన్ అనే పెద్ద అగ్నిపర్వత పీఠభూమి నీటి కింద ఉంది. దానికి పడమటి పక్కన ఎలాన్ బ్యాంక్ అనే ఒక గట్టు ఉంది. 1998 చివర, 1999 మొదట్లో ఒక పరిశోధక నౌక అక్కడ రంధ్రం చేసింది. లావా తప్ప వేరేది దొరకనవసరం లేని చోట, లావా పొరల మధ్య నది దొర్లించిన గుండ్రటి రాళ్ళు దొరికాయి. వాటిలో గార్నెట్ పొదిగిన నైసు రాళ్ళున్నాయి. అది ఖండపు రాయి, సముద్రపు రాయి కాదు. ఆ ముక్క మన తూర్పు తీరం నుంచే ఊడిపోయిందని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. మొదట మనతో వచ్చి, తరువాత మన నుంచి కూడా విడిపోయి, మధ్య సముద్రంలో మిగిలిపోయింది. మన కొండల దగ్గరి బంధువు ఒకటి అంత దూరాన, నీటి అడుగున ఉందన్నమాట.

విడిపోయాక మన ఖండం ఉత్తరంగా ప్రయాణం చేసింది. దాదాపు 5 కోట్ల సంవత్సరాల కిందట ఆసియాను ఢీకొన్నది, హిమాలయాలు లేచాయి. లేచిన కొండలను వానలు కోశాయి. ఆ మట్టినంతా గంగా బ్రహ్మపుత్రలు తెచ్చి బంగాళాఖాతంలో పోశాయి. ఎంత పోశాయంటే, అది ఈ రోజు ప్రపంచంలోనే అతి పెద్ద సముద్రగర్భ ఒండ్రు మేట. పొడవు దాదాపు 3000 కిలోమీటర్లు. ఉత్తరాన దాని మందం 16 కిలోమీటర్లకు పైమాటే. ఎవరెస్టు శిఖరాన్ని నిలబెట్టి, దాని మీద ఇంకో ఎవరెస్టును పెడితే ఎంతో దాదాపు అంత. ఈ ఒండ్రు సంగతి జ్ఞాపకం ఉంచుకోండి. పెద్దాయన ప్రశ్నకు సగం జవాబు దానిలోనే ఉంది.

ఒడ్డున ఉన్న నల్ల ఇసుక

ఇప్పుడు ఖనిజాల దగ్గరికి వద్దాం. ఒడ్డు నుంచి మొదలుపెట్టి లోతుకి పోదాం. మొదటిది మన కాళ్ళ కిందనే ఉంది.

ఛత్రపూర్ వైపు ఇసుక దిబ్బల మీద, మొగలి పొదల మధ్య నడిచినవాళ్ళకి తెలుసు. తెల్ల ఇసుక మధ్యలో నల్లటి చారలుంటాయి. వర్షాకాలపు కెరటాల తరువాత ఆ చారలు ఇంకా చిక్కబడతాయి. చిన్నప్పుడు మేము దాన్ని మురికి ఇసుక అనుకునేవాళ్ళం. అది మురికి కాదు. ఇల్మెనైట్ అనే ఖనిజం. దానితో పాటు ఎర్రటి గార్నెట్, సూదుల్లాంటి సిలిమనైట్, రూటైల్, జిర్కాన్, తేనెరంగు మోనజైట్ కలిసి ఉంటాయి. ఇవన్నీ ఎక్కడివి? గార్నెట్, సిలిమనైట్ అన్న పేర్లు ఇందాక కొండల దగ్గర విన్నారు కదా? అవే ఇవి. మన కనుమల రాయి వానకూ ఎండకూ కుళ్ళి, మట్టయి, వాగుల్లో కొట్టుకొచ్చి, రుషికుల్య వంటి నదుల గుండా సముద్రానికి చేరింది. అదే రాయి కొండ మీదనే ఉండిపోయి, ఇంకా బాగా కుళ్ళి, కరిగేదంతా కరిగిపోగా మిగిలినది బాక్సైట్. కోరాపుట్ జిల్లా పంచపట్మాలిలో తవ్వుతున్నది అదే. కొండ నెత్తిన బాక్సైట్, కొండ పాదాన నల్ల ఇసుక. ఒకే తల్లి బిడ్డలు.

అయితే నది తెచ్చినప్పుడు ఈ గింజలన్నీ మామూలు ఇసుకతో కలిసి ఉంటాయి. వాటిని వేరు చేసిందెవరు? కెరటం. ఇంట్లో ఆడవాళ్ళు చేటతో బియ్యం చెరుగుతారు. పొట్టు ఎగిరిపోతుంది, గింజ మిగులుతుంది. కెరటం చేసేది అదే పని. మామూలు ఇసుక గింజ నీటి కంటే 2.65 రెట్లు బరువు. ఇల్మెనైట్ 4.7 రెట్లు. మోనజైట్ అయితే దాదాపు అయిదు రెట్లు. కెరటం ఒడ్డెక్కేటప్పుడు అన్నింటినీ తెస్తుంది. వెనక్కి పోయేటప్పుడు దాని బలం తగ్గుతుంది కనుక తేలికవాటిని తీసుకుపోయి బరువైనవాటిని వదిలేస్తుంది. వేల సంవత్సరాలు, రాత్రీ పగలూ, ఒక్క క్షణం ఆగకుండా చెరిగితే ఏర్పడిన గాదె ఇది. దీని వల్లనే ఛత్రపూర్ దగ్గర ఖనిజ ఇసుక పరిశ్రమ వచ్చింది. ఇల్మెనైట్ నుంచి టైటానియం, తెల్ల రంగు వస్తాయి. జిర్కాన్ పింగాణీ పనికి వెళ్తుంది. గార్నెట్ సానపట్టడానికి పనికివస్తుంది. మోనజైట్‌లో అరుదైన మూలకాలూ, అణు ఇంధనానికి పనికివచ్చే థోరియమూ ఉన్నాయి. అందుకే మోనజైట్‌ను ప్రభుత్వం తన చేతుల్లో పెట్టుకుంది.

ఇది ఒడ్డు మీది సంగతి. నీటి కింద ఉందా? ఉంది. ఎందుకుందో చెబుతాను. 20 వేల సంవత్సరాల కిందట భూమి మీద నీరు చాలా భాగం మంచుగా గడ్డకట్టి ఉండేది. అప్పుడు సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి ఉండేది. అంటే ఈ రోజు మీరు వలలు వేస్తున్న అరుగు అంతా అప్పుడు పొడినేల. దాని మీద నదులు పారాయి, చెట్లు పెరిగాయి. ఒడ్డు అక్కడెక్కడో అరుగు అంచు దగ్గర ఉండేది. మంచు కరిగి సముద్రం పైకి వస్తూ వస్తూ మధ్యలో కొన్ని చోట్ల ఆగింది. ఆగిన ప్రతి చోటా ఒక ఒడ్డు ఏర్పడింది. ప్రతి ఒడ్డునా కెరటం తన చెరగడం చేసింది. ఆ మునిగిన ఒడ్లలో కొన్ని ఈనాటికీ అరుగు మీద ఉన్నాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఓడలు మన గంజాం తీరం ఎదుట అడుగు ఇసుకను తీసి పరీక్షించి, అందులో ఈ బరువు ఖనిజాలు ఉన్నట్టు గుర్తించాయి.

కనుక సోదరులారా, మీ వలల కింద ఖనిజం ఉందా అంటే ఉంది. అది టీవీలో చూపించిన రాయి కాదు. ఇసుక. మన కొండల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక.

వాలు మీదికి దిగితే రెండో వస్తువు ఉంటుంది. దీన్ని త్వరగా చెప్పి ముందుకు వెళ్తాను. వాలు మీది ఒండ్రులో కుళ్ళిన జీవపదార్థం నుంచి మీథేన్ వాయువు పుడుతుంది. అక్కడి చలికీ, నీటి ఒత్తిడికీ ఆ వాయువు నీటితో కలిసి మంచుగడ్డలా గట్టిపడుతుంది. అగ్గిపుల్ల గీస్తే మండే మంచు అది. ఒక ఘనమీటరు గడ్డను కరిగిస్తే దాదాపు 164 ఘనమీటర్ల వాయువు వస్తుంది. 2006లో జాయిడిస్ రిజల్యూషన్ అనే నౌక మన దేశం కోసం 113 రోజులు తిరిగి, కృష్ణా గోదావరి తీరం ఎదుటా, మన మహానది తీరం ఎదుటా, అండమాన్ దగ్గరా దీన్ని కనుగొన్నది. కృష్ణా గోదావరి దగ్గర ఒక చోట ఆ పొర మందం 128 మీటర్లు. కానీ అది బంకమట్టి పగుళ్ళలో ఇరుక్కొని ఉంది. దాన్ని నిలకడగా, నష్టం లేకుండా బయటికి తీసే పద్ధతి ఇంకా ప్రయోగాల దశలోనే ఉంది. వాలు అసలే జారే చోటు. ఆ గడ్డ కరిగితే మట్టి పట్టు తప్పుతుంది. కనుక తొందరపడవలసిన వ్యవహారం కాదని నా గట్టి అభిప్రాయం.

టీవీలో చూపించిన రాయి

ఇప్పుడు పెద్దాయన అడిగిన రాయి. దాని అసలు చోటు మన దగ్గర కాదు. భూమధ్యరేఖకు దక్షిణాన, మధ్య హిందూ మహాసముద్రంలో, అయిదు వేల మీటర్ల లోతున, చీకటిలో, చల్లటి బురద మీద బంగాళాదుంపల్లాగా పరుచుకొని ఉంటాయి ఆ రాళ్ళు. వాటిని బహులోహ నాడ్యూల్స్ అంటారు, మనం ముద్దలు అందాం. ఛాలెంజర్ అనే ఓడ 1872 నుంచి 1876 దాకా ప్రపంచ సముద్రాలను పరిశీలించినప్పుడు లోతు సముద్రాలలో అవి బయటపడ్డాయి. మన గవేషణి నౌక 1981 జనవరి 26న హిందూ మహాసముద్రం అడుగు నుంచి మొదటి ముద్దలను పైకి తెచ్చింది. 1987లో ఐక్యరాజ్యసమితి ఏర్పాటు కింద ఈ పనికి మొదటిగా నమోదైన దేశం మనదే. ఈ రోజు 75 వేల చదరపు కిలోమీటర్ల మేర అన్వేషించే హక్కు మనకు ఉంది. అక్కడ 38 కోట్ల టన్నుల ముద్దలున్నాయని అంచనా.

ముద్దను కోసి చూస్తే ఉల్లిపాయలా పొరలుంటాయి. నడిమధ్యన ఒక చిన్న ముక్క ఉంటుంది. ఒక్కోసారి అది సొరచేప పన్ను. ఎప్పుడో చచ్చిన సొర పన్ను అడుగుకి రాలితే, నీటిలో కరిగి ఉన్న మాంగనీసు, ఇనుము దాని మీద పొరలుగా పేరుకుంటాయి. వాటితో పాటే నికెల్, రాగి, కోబాల్ట్ చేరతాయి. బ్యాటరీలకు కావలసినవి అవే. ఎంత వేగంగా పేరుకుంటాయనుకుంటున్నారు? పది లక్షల సంవత్సరాలకు కొన్ని మిల్లీమీటర్లు. మళ్ళీ చెబుతున్నాను, పది లక్షల సంవత్సరాలకు కొన్ని మిల్లీమీటర్లు. అరచేతిలో పట్టే ముద్ద వయస్సు మనిషి జాతి వయస్సుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇక్కడ నన్ను ఎప్పుడూ వదలని ఒక చిక్కుముడి ఉంది. అక్కడ బురద చాలా నెమ్మదిగా పడుతుంది, నిజమే, వెయ్యి సంవత్సరాలకు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. అయినా ముద్ద పెరిగే వేగంతో పోలిస్తే అది వెయ్యి రెట్లు ఎక్కువ. అలాంటప్పుడు ముద్దలు ఎప్పుడో పూడిపోవాలి కదా? పూడలేదు. చాలా వరకు పైననే ఉన్నాయి. ఎవరు వాటిని పైకి నిలబెడుతున్నారు? అడుగున పాకే చిన్న చిన్న జీవాలు బురద తింటూ, తొలుస్తూ వాటిని కదిలిస్తున్నాయని కొందరంటారు. అడుగు ప్రవాహాలు బురదను ఊడ్చేస్తున్నాయని కొందరంటారు. రెండూ కలిసి ఉండవచ్చు. నాకు మొదటి మాట మీదనే నమ్మకం ఎక్కువ. ఆ నమ్మకం నిజమైతే, ఆ పురుగులు లేకుండా ఆ రాళ్ళు లేవు.

ఇప్పుడు ఇందాక జ్ఞాపకం ఉంచుకోమన్న ఒండ్రు సంగతి తీయండి. ముద్ద పెరగాలంటే బురద పడకూడదు, లేదా అతి తక్కువగా పడాలి. మన బంగాళాఖాతంలో ఏం జరుగుతోంది? హిమాలయాల మట్టంతా ఇక్కడే పడుతోంది. మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మట్టి వేరే. ఇంత మట్టి వాన కురుస్తున్న చోట సొరపన్ను మీద ఒక్క పొర పేరుకునే లోపలే అది ఎక్కడో కిందికి పూడిపోతుంది. కనుక గోపాల్‌పూర్ ఎదుట ముద్దల గనులు రావు. రావడానికి ముద్దలే లేవు.

మనుషులు దిగే గోళం సంగతి కూడా చెప్పాలి, పిల్లలు ఎదురుచూస్తున్నారు. దాని పేరు మత్స్య 6000. ముగ్గురిని ఆరు వేల మీటర్ల లోతుకు తీసుకుపోవడానికి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ దాన్ని తయారుచేస్తోంది. మనుషులు కూర్చునే గోళం ఇనుముది కాదు, టైటానియం మిశ్రమానిది. లోపలి వ్యాసం 2.1 మీటర్లు, గోడ మందం 80 మిల్లీమీటర్లు. ఆ లోతులో ఒత్తిడి మన గాలి ఒత్తిడికి ఆరు వందల రెట్లు. టైటానియం దేని నుంచి వస్తుందో ఇప్పుడు మీకు తెలుసు. మన ఒడ్డు మీది నల్ల ఇసుక వంటి ఇసుక నుంచే.

నాలుగో వస్తువు మరీ దూరాన ఉంది. సముద్రపు అడుగు ఇప్పటికీ చీలుతూ కొత్త రాయి పుడుతున్న గట్లు హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్నాయి. 13 కోట్ల సంవత్సరాల కిందట మన తీరం దగ్గర మొదలైన చీలిక వంటిదే అక్కడ నేటికీ సాగుతోంది. ఆ పగుళ్ళలోకి దిగిన సముద్రపు నీరు లోపలి వేడికి మూడు, నాలుగు వందల డిగ్రీలకు కాగి, రాతిలోని రాగి, జింకు, ఇనుము కరిగించుకొని పొగగొట్టంలోంచి వచ్చినట్టు పైకి చిమ్ముతుంది. చల్లటి నీరు తగలగానే ఆ లోహాలు గంధకంతో కలిసి అక్కడే పేరుకుంటాయి. 2016లో మన దేశం ఇలాంటి చోట్ల 10 వేల చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు ఒప్పందం చేసుకుంది. 2024 డిసెంబరులో మన శాస్త్రవేత్తలు 4500 మీటర్ల లోతున చిమ్ముతున్న ఒక బుగ్గను మనిషి లేని యంత్రంతో ఫొటో తీశారు. ఆ గట్ల మీదనే పాదానికి ఇనుప పొలుసులు ఉండే ఒక నత్త బతుకుతోంది. ఇనుప గంధకపు పొలుసులు కవచంగా తొడుక్కున్న జీవి లోకంలో ఇంకొకటి కనబడదు. సముద్రగర్భ గనుల వల్ల ముప్పు ఉందన్న కారణంతో 2019లో అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చిన మొదటి ప్రాణి అదే.

ముద్దల దగ్గర కూడా ఇదే చింత. 1989లో పెరూ దేశం ఎదుట లోతు సముద్రంలో శాస్త్రవేత్తలు ఒక నాగలిలాంటి దాన్ని అడుగు మీద లాగి చూశారు. 26 సంవత్సరాల తరువాత వెళ్ళి చూస్తే ఆ చాళ్ళు నిన్న దున్నినట్టే ఉన్నాయి. మన పొలంలో చాలు రెండు వానలకు కనబడకుండా పోతుంది. అక్కడ వాన లేదు, గాలి లేదు, చెరిపేవాళ్ళు లేరు. మనకు రాగి కావాలి, నికెల్ కావాలి, కోబాల్ట్ కావాలి. వద్దనడానికి నేను రాలేదు. కానీ ఒక తరం చేసిన గీతను ఇంకొక తరం కూడా చెరపలేని చోట పని మొదలుపెట్టే ముందు, ఇప్పటికంటే ఎంతో ఎక్కువ తెలుసుకొని ఉండాలని మాత్రం నేను పట్టుబడతాను.

ఇప్పుడు పెద్దాయనకు జవాబు. ముద్దల కోసం ఇక్కడికి ఎవరూ రారు. వస్తే గిస్తే ఇసుక కోసం వస్తారు. సముద్రపు ఖనిజాల మీద మన దేశంలో 2002లో చేసిన చట్టం ఉంది. దాన్ని 2023లో సవరించి వేలం పద్ధతి తెచ్చారు. 2024 నవంబరులో మొదటి విడతగా 13 బ్లాకులు ప్రకటించారు. అవి గుజరాత్ ఎదుట సున్నపు బురద, కేరళ ఎదుట కట్టడాల ఇసుక, గ్రేట్ నికోబార్ దగ్గర ముద్దలు, రాళ్ళ మీద పొరగా పేరుకున్న లోహపు పెంకులు. ఆ విడతలో ఒడిశా లేదు. రేపు ఎప్పుడైనా మన పేరు వస్తే ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి.

మొదట అడగవలసింది ఎన్ని బారల లోతులో అని. ఎందుకంటే ఒడ్డూ, ఒడ్డు ముందరి అడుగూ ఒకే ఇసుకను ఇచ్చిపుచ్చుకుంటాయి. ఇది మీకు చెప్పవలసిన పని లేదు. వర్షాకాలంలో కెరటం ఒడ్డును కోసి, ఆ ఇసుకను కొంచెం లోపల మేటగా దాస్తుంది. సముద్రం నెమ్మదించాక మళ్ళీ తెచ్చి ఒడ్డుకు వేస్తుంది. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన తరువాత మీరు మీ కళ్ళతో చూశారు. పది మీటర్ల లోపు లోతులో ఆ దాచిన మేటను తవ్వితే, సముద్రం తిరిగి ఇవ్వవలసిన బాకీని మధ్యలో ఎవరో వసూలు చేసుకున్నట్టే. ఆ మరుసటి సంవత్సరం కోత మీ ఇళ్ళ దగ్గరికి వస్తుంది.

రెండోది, లేచిన బురద ఎటు పోతుంది, ఏ కాలంలో పోతుంది అని అడగాలి. రుషికుల్య ముఖద్వారానికి తాబేళ్ళు గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మే 31 దాకా ట్రాలర్లను ఆపుతున్నారు, మీరు ఆ ఏడు నెలలు కష్టపడి ఓర్చుకుంటున్నారు. వలకు వర్తించే నియమం తవ్వే ఓడకు ఎందుకు వర్తించకూడదు? ఈ ప్రశ్న అడిగే హక్కు అందరికంటే ముందు మీకే ఉంది.

మూడోది, ముందు కొలత ఏదని అడగాలి. తవ్వక ముందు అడుగు ఎలా ఉందో, ఏ చేప ఏ నెలలో ఎక్కడ గుడ్డు పెడుతుందో రాసిపెట్టుకోకపోతే, తవ్విన తరువాత ఏం పోయిందో చెప్పడానికి మన దగ్గర కాగితం ఉండదు. ఆ కొలతలో సగం మీ తలల్లోనే ఉంది. కళాశాలల విద్యార్థులు ఇక్కడ ఉన్నారు. మీరు పెన్నూ కాగితం పట్టుకొని పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. ఏ లోతులో ఇసుక తగులుతుంది, ఏ లోతులో బంకమట్టి తగులుతుంది, వల ఎక్కడ రాతికి చిక్కుకుంటుంది, ఇవన్నీ వాళ్ళు చెబుతారు. వల చిక్కుకున్న చోటు మునిగిన పాత ఒడ్డు కావచ్చు. నా ఉద్యోగకాలంలో నేను చేయలేకపోయిన పని ఇది.

ఈ బల్ల మీద మూడు సీసాలు పెట్టాను. ఒకదానిలో మహేంద్రగిరి పాదం దగ్గర ఏరిన ఖోండలైట్ పొడి, రెండోదానిలో రుషికుల్య ఇసుక, మూడోదానిలో ఛత్రపూర్ వైపు ఒడ్డు మీద నల్ల చార నుంచి తీసిన గుప్పెడు ఇసుక. పక్కన ఒక గట్టి అయస్కాంతమూ, ఒక భూతద్దమూ ఉన్నాయి. అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి మూడో సీసాలో ముంచితే ఇల్మెనైట్ అంటుకొని వస్తుంది. మిగిలినదాన్ని భూతద్దం కింద చూడండి. గులాబీ గింజలు కనబడతాయి. అవే గింజలు మొదటి సీసాలోనూ ఉన్నాయో లేదో మీరే వెతకండి. పిల్లలు ముందు రండి, తరువాత పెద్దలు. చూస్తూ ఏమైనా అడగాలంటే అడగండి, నేను ఇక్కడే ఉంటాను.